చారల చేప ఆకలి

సోమవర్మ మహారాజుకు ఒకనాడు చిట్టి పరిగె చేపల వేపుడు మీద మనసు పోయింది. పెద్దచెరువులో ఎంత వల వేసినా ఒక్క పరిగె పడలేదు. పడినవన్నీ మూరెడేసి చారల చేపలే.

రెండేళ్ళ కిందట వాటిని ఓడ వర్తకుల దగ్గర కొని చెరువులో వదిలినవాడు ఉద్యానాధికారి భుజంగరాయుడు. వాటి అందాన్ని మెచ్చుకున్నవారే గాని, ఆకలి ఎంతని అడిగినవారు లేరు. అడగకపోవడం తప్పే.

"పరిగెలు ఏమయ్యాయి?" అన్నాడు రాజు.

"బెస్తలు దొంగచాటుగా పట్టి అమ్ముకున్నారు ప్రభూ! నా చేపల్ని చూడండి, ఎంత ఏపుగా పెరిగాయో!" అన్నాడు భుజంగరాయుడు.

ఎల్లుండిలోగా బెస్తలంతా ఊరు విడిచిపోవాలని రాజు ఆజ్ఞాపించాడు. బెస్తల పెద్ద పోలయ్య ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

"తాతల నాటి నుంచి ఈ నీళ్ళనే నమ్ముకున్నాం దొరా! ఎక్కడికి పోతాం?"

వంటశాల పెద్ద సింగన్న ముందుకు వచ్చాడు.

"రేపు భోజనాల వేళకు దొంగను చూపిస్తాను. అంతవరకు ఆగండి ప్రభూ!"

మర్నాడు పంక్తి వేశారు. సింగన్న ఒక పరదేశపు మల్లుణ్ణి ఉదయం నుంచి పస్తుంచి, భుజంగరాయుడి పక్కన కూర్చోబెట్టాడు. వాడు తన ఆకు ఊడ్చేసి, రాయుడి ఆకులో గారెలు అందుకున్నాడు.

"ఓరి నీ ఎంగిలి చెయ్యి! అది నా ఆకురా!"

మల్లుడికి భాష రాదు. నవ్వి, పప్పన్నం కూడా లాక్కున్నాడు. అవతల కూర్చున్న సేనాపతి తన ఆకును మెల్లగా దూరం జరుపుకున్నాడు.

"సింగన్నా! ఈ బకాసురుణ్ణి ఎక్కడ పట్టావు?" అని అరిచాడు రాయుడు.

"పరదేశం నుంచి వచ్చాడు అయ్యగారూ. ఎంత ఏపుగా పెరిగాడో చూడండి!"

"పెరగడూ మరి! పక్కవాళ్ళ తిండంతా తింటుంటే!"

సింగన్న చేతులు కట్టుకుని నెమ్మదిగా అన్నాడు:

"అయితే మీ ఆకు ఖాళీ అయిందని, వడ్డించినవాళ్ళను ఊరి నుంచి వెళ్ళగొడదామా?"

రాజు చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. సింగన్న ఒక చారల చేపను తెప్పించి, పొట్ట కోయించాడు. చెరువులో మిగిలిన నాలుగు పరిగెలూ అందులోనే ఉన్నాయి.

"పై మడుగులో ఇంకా కాసిని పరిగెలు బతికున్నాయి దొరా. ఈ చారలవాటిని ఏరేస్తే, వాటిని తెచ్చి వదులుతాం," అన్నాడు పోలయ్య.

"మీరు ఊళ్ళోనే ఉండండి. భుజంగరాయుడు కూడా మీతో కలిసి వల లాగుతాడు," అని రాజు తన బంగారు కంకణం తీసి సింగన్నకు తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో!"

"రాయుడుగారికి ఇంకో ఆకు వెయ్యనివ్వండి ప్రభూ. రేపటి నుంచి వల లాగాలి, ఒంట్లో సత్తువ ఉండాలి కదా!"

పంక్తి పంక్తంతా పొలమారేలా నవ్వింది.