ఒక్క మాటతో నెట్టుకొచ్చిన గోరువంక

అనగనగా వానలు ముఖం చాటేసిన ఒక అడవిలో, మంజిక అనే గోరువంక ఉండేది. చెట్లు మోడులయ్యాయి. తినడానికి పురుగైనా దొరకలేదు. ఇక ఇక్కడ బతకలేనని అది కొండలు దాటి ఎగిరి, సముద్రం ఒడ్డునున్న ఒక రేవుపట్నం చేరింది.

అక్కడ తిండికి కొదవ లేదు. పడవల్లోంచి దించే బస్తాల నుంచి గింజలు రాలుతూనే ఉండేవి. పాత గిడ్డంగి గోడలో ఒక కన్నం చూసుకుని మంజిక గూడు కట్టుకుంది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ పట్నంలో పిట్టలూ జంతువులూ అన్నీ రేవుభాష మాట్లాడతాయి. మంజికకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!

ఎప్పుడో ఆ అడవి నుంచే వచ్చి స్థిరపడిన ముసలి పావురం ఒకటి అక్కడ ఉండేది. అది మంజికను పిలిచి, "అమ్మాయ్, రోజూ పొద్దున్నే రా. భాష నేర్పుతాను. మొదట్లో తప్పులు మాట్లాడతావు. అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ," అంది.

నవ్వుతారన్న మాట మంజికకు గుచ్చుకుంది. అడవిలో దాని గొంతుకు ఎంత పేరు! అలాంటిది ఇక్కడ పసిపిల్లలా తడబడాలా? ఒకటి రెండుసార్లు వెళ్ళింది. 'కియాలో' అనే మాట నేర్చుకుంది. రేవుభాషలో దానికి 'సరే, అలాగే' అని అర్థం.

"బాబాయ్, నాకీ మాట చాల్లే. దీంతో రోజులు గడిచిపోతాయి," అని పాఠాలు మానేసింది.

గోరువంకలు విన్నది విన్నట్టు పలుకుతాయి కదా. మంజిక ఆ మాట అంటే, రేవులోనే పుట్టి పెరిగిందేమో అనిపించేది.

ఒకనాడు ఒక పిచ్చుక ఏదో అడిగింది. "కియాలో," అంది మంజిక. పిచ్చుక సంబరపడి దాన్ని గింజల కుప్ప దగ్గరికి తీసుకెళ్ళింది. మరోనాడు ఒక కొంగ ఏదో అడిగింది. "కియాలో," అంది. కొంగ చాలాసేపు ఎదురుచూసి, మొహం చిట్లించుకుని వెళ్ళిపోయింది. 'ఏదో చేస్తానని ఒప్పుకున్నానా ఏం?' అని మంజికకు అనుమానం వచ్చింది. పావురాన్ని అడిగితే చీవాట్లు పెడుతుందని ఊరుకుంది.

మంజిక గూటికి సరిగ్గా కింద, బోర్లించిన పాత పడవ నీడలో, సైకతి అనే సముద్రపు పిట్ట కాపురముండేది. తోడు లేని పిట్ట. అయినా మంచి మనసు. తెచ్చుకున్న చేపలో ముక్క మంజికకు పెట్టి, ఏవేవో కబుర్లు చెప్పేది. మాటలు అర్థం కాకపోయినా, ఆ గొంతు వింటే మంజికకు అడవి మీద బెంగ తగ్గేది.

సైకతి గుడ్లు పెట్టింది. తిండి మానేసి వాటి మీదే కూర్చుంది. ఒక మధ్యాహ్నం నీరసంగా లేచి, గుడ్ల వైపు చూసి, సముద్రం వైపు చూసి, మంజికను ఏదో అడిగింది.

"కియాలో," అంది మంజిక.

సైకతి మళ్ళీ అదే అడిగింది.

"కియాలో, కియాలో!"

సైకతి కళ్ళు చెమ్మగిల్లాయి. పైకెగిరి వచ్చి, తన తలను మంజిక తలకు ఆనించి, సముద్రం మీదికి వెళ్ళిపోయింది.

కాసేపటికి గిడ్డంగిలోంచి పందికొక్కు ఒకటి బయటికి వచ్చింది. అడవిలో మంజిక అలాంటి జంతువును చూడలేదు. పందికొక్కు గుడ్లను చూసింది. తల ఎత్తి ఏదో అడిగింది.

సైకతి చుట్టమేమో అనుకుంది మంజిక. "కియాలో," అని నవ్వి, గూట్లోకి వెళ్ళి గడ్డి సర్దుకోసాగింది.

టప్‌మని చప్పుడైంది. మంజిక బయటికి తొంగిచూసింది. పందికొక్కు గుడ్లు పగలగొట్టి తింటోంది. "అయ్యో! రండి! కాపాడండి!" అని అరిచింది. కానీ అది అడవి భాష. పైన వెళ్తున్న కొంగలు, కొత్త పిట్ట పాడుతోంది కాబోలు అనుకుని సాగిపోయాయి. మంజిక పందికొక్కు మీదికి దూకి ముక్కుతో పొడిచింది. అది దులిపేసుకుని, చివరి గుడ్డు కూడా తినేసి పోయింది.

సైకతి తిరిగొచ్చింది. పెంకుల పక్కన నిలబడింది. మంజిక వైపు తిరిగి నెమ్మదిగా ఏదో అంది.

మంజిక పరుగున వెళ్ళి పావురాన్ని తీసుకొచ్చింది. "బాబాయ్, ఏమంటోంది?"

పావురం తల దించుకుంది. "'కాస్త చూస్తుంటావా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ సరేనన్నావు. అందుకే వెళ్ళాను' అంటోంది."

"నాకు అర్థం కాలేదని చెప్పు బాబాయ్! క్షమించమను!"

పావురం చెప్పింది. సైకతి విని, రెక్కలు విప్పి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ పడవ నీడకు రాలేదు.

మర్నాటి నుంచి మంజిక పాఠాలకు వెళ్ళింది. తప్పులు మాట్లాడింది. అందరూ నవ్వారు. నవ్వితే ఏమీ పోలేదు. ఏడాది తిరిగేసరికి రేవుభాష చక్కగా వచ్చేసింది. ఇక సైకతిని వెతికి, తన నోటితో క్షమాపణ చెప్పుకోవాలనుకుంది.

అవతలి తీరం నుంచి వచ్చిన ఒక సముద్రపు పిట్టను ఆపి అడిగింది. "అక్కా, సైకతి నీకు తెలుసా? ఎలా ఉంది?"

"తెలుసు. మళ్ళీ గుడ్లు పెట్టింది. పాపం, ఆకలికి సొమ్మసిల్లిపోతున్నా గూడు వదిలి కదలదు. మేం చూస్తుంటామన్నా వినదు. ఎవరి మాటా నమ్మదట."

మంజికకు ఇప్పుడు ప్రతి మాటా అర్థమైంది.

నీతి: తెలియనప్పుడు తెలియదంటే పోయేది కాస్త పరువే, తెలియక సరేనంటే ఎదుటివారి నమ్మకమే పోతుంది.