నూకరత్నం పడవకు కొత్త బల్ల

గోదావరి పాయ ఒడ్డున ఒక పాలెంలో పోలిరాజు అనే పడవల వడ్రంగి ఉండేవాడు. ఎవరికేం కావాలో అడగకుండానే తనకు తెలుసనుకోవడం అతని లోపం. అతని భార్య నూకరత్నం రోజూ తన చిన్న పడవలో జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించేది.

ఒకసారి ఆమె చెల్లెలి పెళ్లికని పుట్టింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పడవకు కొత్త సొగసు తేవాలనుకున్నాడు పోలిరాజు. ఆమె కూర్చుని తెడ్డు వేసే పాత బల్లను ఊడదీసి పొయ్యిలో పెట్టేశాడు. టేకు బల్ల బిగించి, అంచు పొడవునా చేపల బొమ్మలు చెక్కాడు. కాళ్లు తన్నిపెట్టుకునే అడ్డకర్ర కూడా మార్చాడు. కొలతల కోసం తానే కూర్చుని చూసుకున్నాడు. అతనేమో ఆజానుబాహువు, ఆమె పొట్టి మనిషి.

"ఎలా ఉంది రత్నం?" అన్నాడు ఆమె రాగానే.

ఆమె కూర్చుంది. పాదాలు అడ్డకర్రకు అందలేదు. అయినా భర్త ముఖంలో సంబరం చూసి, "చాలా బాగుంది మావా" అంది.

రేవులో అందరూ ఆ పనితనాన్ని మెచ్చుకున్నారు. పోలిరాజు పొంగిపోయాడు. నూకరత్నం మాత్రం సాయంత్రానికి నడుం పట్టుకుని ఇల్లు చేరేది.

ఒక మధ్యాహ్నం ఆమె పడవ నిండా జనంతో పాయ మధ్యలో ఉండగా సముద్రపు గాలి విసురుగా లేచింది. కాళ్లకు ఆనిక లేక తెడ్డు బలంగా లాగలేకపోయింది. పడవ పక్కకు కొట్టుకుపోయి వలలు కట్టే గుంజలకు గుద్దుకుంది. జనం కేకలు పెట్టారు. గట్టుమీద నిలబడ్డ పోలిరాజు అంతా చూస్తూనే ఉన్నాడు. నూకరత్నం బల్ల దిగి, పడవ అడుగున మోకరిల్లి, ఒంట్లో సత్తువంతా పెట్టి తెడ్డు వేసింది. ఎలాగో అందరినీ ఒడ్డుకు చేర్చింది. మోకాళ్లు చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"బల్ల కుదరలేదని ఒక్క మాట చెప్పొద్దూ?" అన్నాడు పోలిరాజు పరుగున వచ్చి.

"నువ్వంత మురిసిపోతుంటే ఎలా చెప్పను? అయినా, నన్నెప్పుడు అడిగావు మావా?"

పోలిరాజు మర్నాడు ఆమెను పడవలో కూర్చోబెట్టి, ఉలి పక్కన పెట్టి, మొదటిసారి అడిగాడు.

"అడ్డకర్ర ఎక్కడుండాలి?"

"ఇంకా ఇటు. ఇంకాస్త. ఆఁ, అక్కడ."

"బల్ల ఎత్తు?"

"బాగా తగ్గించు."

"మరి ఈ చేపల బొమ్మలు? తీసెయ్యనా?"

"అవి ఉండనీ మావా. అవి నాకు నచ్చాయి" అంది నూకరత్నం.

ఎంత ప్రేమతో చేసే పనైనా, ఎవరికోసం చేస్తున్నామో వారిని ముందుగా అడిగి చేయాలి.