కుంటి జింక, గసగసాల కాయలు

గసగసాల తోటను ఆనుకున్న అడవిలో ఒక జింక కాలు విరిగి ఒంటరిగా మిగిలిపోయింది. మంద మేత కోసం వాగు దాటి అవతలి కొండకు వెళ్ళిపోయింది. "నడవగలిగిన రోజున వచ్చెయ్ అక్కా" అంటూ చెల్లెలు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది. అప్పటినుంచీ జింక చూపంతా ఆ కొండ మీదే.

ఒకనాడు నక్క తోటలోంచి ఒక కాయ కోసుకొచ్చింది. "నమిలి చూడవే కోడలా."

నమిలిన కాసేపటికే నొప్పి ఎటో పోయింది. చెల్లెలి పక్కన పరిగెడుతున్నట్టు కల కూడా వచ్చింది.

ఆనాటి నుంచీ నక్క రోజూ కాయలు తెచ్చిచ్చేది. నెల తిరిగేసరికి ఒక్కసారే ఆరు కాయలు తిన్నా ఆ హాయి లేదు. ఆ హాయి కోసం జింక ప్రాణం కొట్టుకులాడేది.

"కాయల్లో బలం తగ్గిందా తాతా?" అని ముసలి ఏదుపందిని అడిగింది.

"కాయ అదేనమ్మా, మారింది నువ్వు. నీ నరాల్లో సన్న సన్న పీటలుంటాయి. కాయలోని పాలు వాటి మీద కూర్చుంటే నొప్పి కబురు పైకి సరిగా చేరదు. రోజూ కూర్చుంటే పీటలు మొద్దుబారతాయి. కొన్ని లోపలికి జరిగిపోతాయి."

"అయితే మానెయ్యనా?"

"ఒక్కసారిగా మానితే ఒళ్ళు తిరగబడుతుంది. మెల్లగా తగ్గించుకో. పీటలు మళ్ళీ సర్దుకుంటాయి."

జింక అలాగే తగ్గించుకుంటూ వచ్చింది. వణుకుతూ, చెమటలు కక్కుతూ, కొండవైపు చూస్తూ రోజులు గడిపింది.

ఇది పసిగట్టిన నక్క ఆరు కాయలు తెచ్చి ముందు పోసింది. "మీ మంద పిల్లల్ని ఎక్కడ దాస్తుందో చెప్పు. ఇవన్నీ నీవే."

జింక నోట్లో నీళ్ళూరాయి. కళ్ళు మూసుకుని, "చెప్పను మామా" అంది.

"అయితే నువ్వు చూస్తుండగా నేనే తింటా!"

"వద్దు మామా! నాకైతే అలవాటైంది. నువ్వెప్పుడూ తినలేదు, తట్టుకోలేవు."

"కుంటిదానివి నువ్వే తట్టుకున్నావు, నాకేం?" అంటూ నక్క ఆరూ కరకరా నమిలేసింది.

కాసేపటికి దాని తల వాలిపోయింది. ఊపిరి అందీ అందనట్టయింది. జింక డెక్కతో తట్టింది, పిలిచింది. నక్క లేవలేదు. పొద్దు వాలకముందే ఊపిరి ఆగిపోయింది.

మర్నాడు జింక కుంటుకుంటూ వాగులో దిగింది. అడుగడుక్కీ నొప్పి. అవతలి గట్టు మీద చెల్లెలు నిలబడి ఉంది.

"ఇంత ఆలస్యమా అక్కా?"

జింక చెల్లెలి మెడ మీద తల ఆనించింది.

నీతి: ఒకరి ఒంటికి అలవాటైన మోతాదు చూసి, మన ఒళ్ళూ తట్టుకుంటుందని అనుకోకూడదు.