హారతి వెలగని నాటకం

పూర్వం సుమేఖలా నదీతీరాన ప్రభాకీర్ణమనే నగరాన్ని వసుగుప్తుడనే రాజు ఏలుతుండేవాడు. ఏలడమంటే ఏమనుకునేరు! నది తూములన్నీ మూయించి, కానుకలు తెచ్చినవారికి మాత్రమే నీళ్లు వదిలిస్తూ, దిగువసీమలో నారుమళ్లు నెర్రెలు విచ్చి పశువులు నాలుకలు వెళ్లబెట్టి చస్తుంటే, తాను ఉద్యానవనంలో జలక్రీడలాడుతుండేవాడు. కంచే చేను మేస్తే ఇక కాపాడేదెవరు?

ఆ ఘోరం చూడలేక, నందీశ్వరుని సన్నిధిలో నాట్యవేదమభ్యసించిన తపోధనుడు తాండిన్య మహర్షి, తూములు తెరవమని అడగడానికి రాజధానికి వచ్చాడు. మొదటి ద్వారంలో భటుడు "వట్టి చేతులతో లోపలికా స్వామీ?" అంటూ ఆయన కృష్ణాజినం లాక్కున్నాడు. రెండో ద్వారంలో దండం పోయింది. మూడో ద్వారంలో మహామంత్రి లుబ్ధకేతువు, సిగ్గూ ఎగ్గూ లేకుండా, కమండలాన్ని అందులోని కాసిని నీళ్లతో సహా పుచ్చుకున్నాడు. చివరికి కౌపీనంతో నిలబడ్డ మహర్షిని చూసి రాజు "నాకేం తెచ్చావు?" అన్నాడు. ఛీ! ఋషిని అడగవలసిన మాటేనా అది?

మహర్షి కోపాన్ని పంటి బిగువున ఆపుకుని, "రాజా! నీకు నాటకం తెచ్చాను. రేపు వసంతోత్సవంలో ఆడిస్తాను" అన్నాడు. తన కీర్తిగానమే కాబోలనుకుని రాజు పొంగిపోయాడు.

ఆ నగరంలో ఒక ఆచారముంది. వసంతోత్సవ నాటకంలో రాజువేషం కట్టిన నటుడికి రాజు తన కిరీటాన్నీ రాజముద్రికనూ స్వయంగా ఇవ్వాలి. ప్రేక్షకులలో అందరికంటే పెద్దవారు మంగళహారతి వెలిగించేదాకా ఆ నటుని ఆజ్ఞే రాజాజ్ఞ. దీన్ని తప్పితే తన వంశం నిలవదని వసుగుప్తుని ముత్తాత నటరాజస్వామి ఎదుట ప్రమాణం చేశాడు. ఏళ్ల తరబడి పొగడ్తల నాటకాలే చూసిన మన రాజుకి అదొక వేడుకగా మాత్రమే మిగిలింది. అదే అతని కొంప ముంచింది.

మర్నాడు తెర తొలగింది. దిగువసీమ నటుడు వల్లకుడు కిరీటం పెట్టుకుని రంగం మీద కూర్చున్నాడు. మునివేషధారి వచ్చాడు, ఒక్కొక్క ద్వారంలో ఒక్కొక్కటి పోగొట్టుకున్నాడు. చివరికి వేషపు రాజు మిగిలిన కౌపీనాన్ని తడిమి చూసి "ఇదైనా పట్టుబట్టేనా?" అన్నాడు. సభ గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు వసుగుప్తుడే! "ఎవడయ్యా ఈ కక్కుర్తి రాజు!" అని తొడలు చరుచుకున్నాడు.

అప్పుడు వల్లకుడు లేచి నిలబడ్డాడు. "ఈ కక్కుర్తి ఇక చాలు. భటులారా! నది తూములన్నీ తక్షణం తెరవండి. ఇది రాజాజ్ఞ" అని ముద్రిక తీసి ఇచ్చాడు. ఆచారమెరిగిన భటులు ముద్రికను కళ్లకద్దుకుని గుర్రాలెక్కారు.

రాజు నవ్వు ఆగిపోయింది. "పట్టుకోండి వాణ్ణి!" అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. "హారతి! ముందు హారతి వెలిగించండి!" అని లుబ్ధకేతువు గగ్గోలు పెట్టాడు.

హారతి పళ్లెం సభలో అందరికంటే పెద్దదైన దిగువసీమ ముదుసలి శబలాంబ చేతిలో ఉంది. ఆమె పళ్లెం ఒళ్లో పెట్టుకుని, "మా మళ్లలో నీళ్లు పారాయని కబురు రానీ, వెలిగిస్తాను. మేము ఆ నీళ్ల కోసం మూడేళ్లు కూర్చున్నాం నాయనా, అందాకా నువ్వూ కూర్చో" అంది.

మంత్రి ఆ పళ్లెం లాక్కోబోయాడు. అంతే, రంగస్థలం దద్దరిల్లి, చంద్రశేఖరుడైన నటరాజు ప్రత్యక్షమై "నా రంగం దగ్గర కూడా చెయ్యి చాస్తావురా!" అని గర్జించాడు. చాచిన చెయ్యి చాచినట్టే బిగుసుకుపోయింది.

"మహర్షీ, వరం కోరుకో" అన్నాడు స్వామి.

"ప్రభూ! పోయిన నా కమండలం కోసం అడగను. ఏలేవాడు ఏటేటా కిరీటం తీసి, జనం మధ్య నేల మీద కూర్చుని, తన కథ తాను చూడాలి. చూపించిన నటుడి ఒంటిమీద దెబ్బ పడకూడదు."

"తథాస్తు!"

మూడో నాటి సాయంకాలం నీళ్లు చేరిన కబురు వచ్చింది. శబలాంబ హారతి వెలిగించింది. వల్లకుడు కిరీటం తీసి అందించాడు. వసుగుప్తుడు దాన్ని అందుకోకుండా మంత్రి ఇంటికి నడిచివెళ్లి, కమండలం తెచ్చి, నిండా నది నీళ్లు పోసి మహర్షి చేతుల్లో పెట్టాడు.

ఈ కథ విన్నవారి పుణ్యం సంగతి ఆ పరమేశ్వరుడు చూసుకుంటాడు. ఏలేవారు వింటే మాత్రం, లాక్కున్నది తిరిగిచ్చాకే ఇక్కణ్ణుంచి లేవాలి.