కాలవ దాటని చుక్కి

అనగనగా ఒక ఇటుకబట్టీ, దాని పక్కనే ఒక కాలవ, కాలవకు అవతల చేపల సంత. ఆ బట్టీ దగ్గర చుక్కి అనే కుక్క ఉండేది. దానికి మూడు పిల్లలు. అడుగులు ఇంకా తడబడుతున్నా అప్పుడే అమ్మ తోక కోసం కొట్లాడుకునేవి.

ఒకరోజు తిండి వెతుక్కుంటూ చుక్కి సంతకు వెళ్ళింది. ఇంతలో కాలవ పొంగడంతో అది అక్కడే చిక్కుకుపోయింది. కుక్కలకు ఒక మర్యాద ఉంది కదా, ఎదురుపడితే ముందు వాసన చూసుకోవాలి, ఆ తర్వాతే పలకరింపు. సంత కుక్కలన్నిటికీ చుక్కి ఆ మర్యాద చేసింది. కానీ ఆ కుక్కల్లో అప్పటికే కడుపు జబ్బు పాకిపోయి ఉంది. మర్యాద వెంట జబ్బూ వచ్చింది. వాంతులు, నెత్తుటి విరేచనాలు పట్టుకున్నాయి. చావు తప్పి కన్ను లొట్టపోయి చుక్కి ఎలాగో బయటపడింది. సంతలో కుక్కపిల్ల ఒక్కటీ మిగల్లేదు.

నీళ్ళు తగ్గగానే చుక్కి గట్టుకు పరుగెత్తింది. అప్పుడే బట్టీ నుంచి ఇటుకలు మోసుకుని సంత వైపుకు వచ్చిన ముసలి గాడిద దానికి అడ్డం నిలబడింది.

"ఆగమ్మా చుక్కీ. నీకు నయమైందిగానీ జబ్బు నిన్ను వదల్లేదు. నీ పెంటలో ఉంది, నీ కాళ్ళకు అంటుకుని ఉంది. ఈ వెన్నెల పోయి మళ్ళీ వెన్నెల వచ్చేదాకా పిల్లల జోలికి పోకు" అంది.

"మరి పాలెవరిస్తారు అవ్వా?" అని అడిగింది చుక్కి.

పక్క బట్టీ కుక్క ఎర్రమ్మ తన పిల్లలతోపాటు వాటికీ పాలిస్తోందని గాడిద చెప్పింది. ఆ మాటకు చుక్కికి ఊరట కలిగింది, కడుపు మండింది కూడా.

చుక్కి గట్టుమీదే ఉండిపోయింది. మొదట అవతలి గట్టున పిల్లలు ఎర్రమ్మ పాలు చాలక ఆకలికి ఏడ్చాయి. చుక్కి పొదుగు సలిపింది, అయినా కదల్లేదు. తర్వాత వానకు వణికాయి. మొహం అటు తిప్పుకుంది, కదల్లేదు. మూడోసారి అన్నిటికంటే చిన్నది నీళ్ళ అంచుదాకా వచ్చి "అమ్మా" అని పిలిచింది.

చుక్కి ముందుకాలు నీళ్ళలో పెట్టింది. సంతలో పిల్లలు లేని గోనెసంచుల మీద కూర్చుని ఏడ్చిన తల్లికుక్కలు గుర్తొచ్చాయి. కాలు వెనక్కి తీసుకుంది. పళ్ళు బయటపెట్టి కన్నబిడ్డ మీద గట్టిగా మొరిగింది. పిల్ల బెదిరి ఎర్రమ్మ దగ్గరికి పారిపోయింది. చుక్కి ఆ పూటంతా ఏడ్చింది.

వెన్నెల పోయింది, మళ్ళీ వచ్చింది. పున్నమి మర్నాడు పొద్దున్నే చుక్కి కాలవ దాటింది. మూడు పిల్లలూ బొద్దుగా ఎదిగి ఎండలో ఆడుకుంటున్నాయి. దాన్ని చూసి చిన్నది వెనక్కి జరిగింది.

"నన్ను తరిమింది నువ్వే కదా. ఎవరు నువ్వు?" అని అడిగింది.

"అవును తల్లీ, నేనే తరిమాను. మీ అమ్మను" అంది చుక్కి.

పిల్ల నమ్మలేదు. చుక్కి దూరంగానే కూర్చుని ఒకటి, రెండు, మూడు అని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. ఏడుస్తూనే తోక ఊపింది.

నీతి: బిడ్డను హత్తుకోవడమే కాదు, బిడ్డ బతకాలని దూరంగా ఉండటమూ ప్రేమే.