పన్నెండడుగుల వంతెన

పొదలపురం అడవికి పురపాలక సంఘం ఉందంటే నవ్వకండి. మనకున్నవన్నీ వాళ్లకీ ఉన్నాయి. సమావేశాలున్నాయి, తీర్మానాలున్నాయి, మధ్యలో కునికిపాట్లు పడే సభ్యులూ ఉన్నారు. మనవాళ్లు చేతులెత్తుతారు, వాళ్లు తోకలు ఊపుతారు, అంతే తేడా. ఒకసారి తోకలు ఊగి తీర్మానం పుస్తకంలోకి ఎక్కిందంటే, బ్రహ్మదేవుడు దిగివచ్చినా అందులో అక్షరం మారదు. అక్కడి కట్టుబాటు అది.

ఆ రోజు సమావేశంలో మాత్రం ఒక్కరూ కునకలేదు. విషయం ఉరకలవాగు మీద వంతెన మరి! వాగుకు ఇవతల సంత, బడి, వైద్యం. అవతల వంద గడపల అవతలిపేట. రెంటికీ మధ్య రాకపోకలకు ఎద్దు మైలన్న బండి ఒక్కటే దిక్కు. ఎండాకాలం ఇసుకలో దిగి ఎలాగో లాగేసేవాడు. వానలు పడితే వాగు పొంగేది, బండి ఆగేది, పేటకు లోకంతో సంబంధం తెగేది.

పోయినేడు సరిగ్గా అలాంటి రోజునే మేక ముత్యాలుకు నొప్పులొచ్చాయి. మంత్రసాని కొండముచ్చు ఇవతలి గట్టున, ముత్యాలు అవతలి గట్టున. మధ్యలో సుడులు తిరుగుతున్న నీళ్లు. పిల్ల దక్కలేదు.

ఈ ఏడు ముత్యాలు మళ్లీ చూడితో ఉంది. నిండు పొట్టతో సభలో లేచి నిలబడింది.

"అమ్మగారూ! నాకు వీధి దీపాలొద్దు, పూలతోటలొద్దు. వానలకు ముందు మా మైలన్న బండి వాగు దాటాలి. అంతకు మించి ఏమీ అడగను."

చైర్‌పర్సన్ ఏనుగు గజలక్ష్మమ్మ కళ్లు చెమర్చాయి. ఆవిడ మనసు వెన్న. చదివే ఓపిక మాత్రం బొత్తిగా లేదు. ఎవరో ఒకరు చదివితే వినడం, "అందరికీ సమ్మతమేనా?" అనడం, అదీ ఆవిడ పద్ధతి.

"కట్టేద్దాం! ఎవరు కడతారు?" అంది తొండం ఎత్తి.

"నేను!" అంటూ ఒక్క గెంతులో ముందుకొచ్చాడు కాంట్రాక్టరు చెంగల్రావు. చెంగల్రావు నక్క. వేరే చెప్పాలా? "పైసా అడగను మేడమ్! ఊరి సేవ! కాకపోతే వాగు ఒడ్డున ఊరికే పడున్న నేలలో కాస్త నాకు రాసిచ్చారంటే, ఓ పాక వేసుకుని మీ పేరు చెప్పుకుని బతుకుతాను."

గుమాస్తా తాబేలు కూర్మయ్య తీర్మానం రాసి, ఒక్కో మాటా నమిలి నమిలి చదివాడు. "ఉరకలవాగు మీద పన్నెండు అడుగుల వెడల్పున రాతి వంతెన కట్టవలెను. వానలకు ముందు దానిని కట్టినవారికి వాగు ఒడ్డున నూరు అడుగుల పొడవు, నూరు అడుగుల వెడల్పు గల నేల ఇవ్వవలెను."

"అందరికీ సమ్మతమేనా?"

తోకలు ఊగాయి. ఎంత గట్టిగా ఊగాయంటే సభలో దుమ్ము లేచింది! మైలన్న ఆనందం పట్టలేక మెడ గంటలు గణగణలాడించాడు. అడుగంటే మైలన్న తన అడుగు అనుకున్నాడు. గజలక్ష్మమ్మ తన అడుగు అనుకుంది. అందరూ అడుగులన్నారు గానీ, ఎవరి అడుగో ఒక్కరూ అడగలేదు.

మర్నాడే పని మొదలైంది. చెంగల్రావు వాగు మీద ఇటు నుంచి అటుదాకా తాటాకు తడికలు కట్టించాడు. ముందొక బూడిద గుమ్మడికాయ వేలాడదీశాడు.

"ప్రారంభోత్సవం దాకా ఎవరూ తొంగి చూడకూడదు. దిష్టి తగులుతుంది" అన్నాడు.

దిష్టి అన్నాక ఇంకెవరు చూస్తారు? కోడిపెట్ట పైడమ్మ అయితే తడికల దగ్గర్నుంచి వెళ్లేటప్పుడు కళ్లు మూసుకుని నడిచి, రెండుసార్లు గోతిలో పడింది కూడా. పైడమ్మ మైలన్న బండికి కండక్టరు. నోరు పెద్దది, భయం ఇంకా పెద్దది.

రాళ్లు తోలే పని మైలన్నది. ఏడు బండ్లు తోలాక చెంగల్రావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు మైలన్నా! ఇక రాయి అక్కర్లేదు."

మైలన్న ఆగిపోయాడు. పుట్టినప్పటి నుంచీ రాళ్లు మోసిన మెడ అది. కోమటిగుట్ట దగ్గర కాలిబాట కల్వర్టుకే పది బండ్ల రాయి పట్టింది. ఇంత వంతెనకు ఏడు బండ్లేమిటి? దిష్టికి ఓ దండం పెట్టుకుని, మూతితో తడిక కాస్త పక్కకు జరిపాడు.

వంతెన కాదది, గట్టుకీ గట్టుకీ మధ్య పడుకోబెట్టిన బల్ల. మైలన్న ఒక్కడే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలి. బండి సంగతి దేవుడెరుగు, బండి చక్రం ఒక్కటి పడుతుందేమో.

"ఇదేంటి చెంగల్రావు గారూ? పన్నెండడుగులన్నారు కదా!"

చెంగల్రావు ఏమాత్రం తొణకలేదు. వంతెన మీద తన బుల్లి పాదం పక్కన పాదం పెట్టుకుంటూ అడ్డంగా నడిచాడు. "ఒకటి, రెండు, మూడు... పదకొండు, పన్నెండు! సరిపోయిందా? తీర్మానంలో అడుగు అని ఉంది. ఎవరి అడుగో ఉందా? పని నాది, అడుగూ నాది. పుస్తకంలో అక్షరం మారుతుందేమో వెళ్లి అడుక్కో, పో!"

మైలన్నకు కోపంతో ముక్కుపుటాలు అదిరాయి. కొమ్ములతో ఒక్కటిస్తే చెంగల్రావు వాగులో ఉండేవాడు. కానీ వంతెన అలాగే ఉంటుంది. ముత్యాలుకు ఇంక మూడు వారాలే గడువు. కోపం దిగమింగి తిన్నగా కూర్మయ్య దగ్గరికి నడిచాడు.

"తాతా, ఆ తీర్మానం ఇంకోసారి చదువు."

కూర్మయ్య చదివాడు. మైలన్న నెమరు వేస్తూ విన్నాడు. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి చదివేసరికి నెమరు ఆగింది.

"తాతా, వంతెనకూ అడుగులే, నేలకూ అడుగులే కదా?"

"అవును."

"ఒక తీర్మానంలో ఒక మాటకు రెండు అర్థాలు ఉండొచ్చా?"

"ఎలా ఉంటాయిరా? ఒక మాటకు ఒకసారి అర్థం రాసి తోకలు ఊపితే, ఆ తీర్మానం మొత్తానికి అదే అర్థం. నా తాతల నాటి కట్టుబాటు."

"మరి అడుగుకు అర్థం రాశారా?"

కూర్మయ్య మెడ చిప్పలోంచి పూర్తిగా బయటికొచ్చింది. "లేదు! నన్నెవరూ అడగలేదు."

"నువ్వూ ఎవరికీ చెప్పకు తాతా" అన్నాడు మైలన్న. చాలా రోజుల తర్వాత అతని మొహంలో నవ్వు కనిపించింది.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. అబ్బ, ఏం సందడి! మామిడాకుల తోరణాలు, కప్పల సన్నాయి, వడ్రంగిపిట్టల డోలు. ముత్యాలు అవతలి గట్టున బండి దారికి ఎదురుగా నిలబడి చూస్తోంది. రిబ్బను దగ్గర గజలక్ష్మమ్మ వీపున కొత్త పట్టుబట్ట కప్పుకుని సిద్ధంగా ఉంది. అప్పుడు మైలన్న తల వంచి అన్నాడు.

"అమ్మగారూ, చిన్న మనవి. చెంగల్రావు గారు ఊరి కోసం రక్తం ధారపోశారు. ఆయనకివ్వాల్సింది ముందు ఇచ్చేసి, ఆ తర్వాత రిబ్బను కత్తిరిస్తే మర్యాదగా ఉంటుంది."

చెంగల్రావు నోరు తెరుచుకుంది. తన చెవులు తనే నమ్మలేకపోయాడు. తడికలు తీయకముందే నేల చేతికొస్తే ఇంకేం కావాలి? 'ఈ ఎద్దుకు బుర్రలో ఉన్నదంతా గడ్డే' అనుకున్నాడు.

"మైలన్న ఎంత మంచి మాటన్నాడు! కానివ్వండి మేడమ్!"

"అలాగే. నూరడుగుల నేల కొలవండి" అంది గజలక్ష్మమ్మ.

మైలన్న అమాయకంగా మొహం పెట్టాడు. "చెంగల్రావు గారూ, మీ నేల కదా. మీ అడుగులతోనే కొలుచుకుంటారా?"

చెంగల్రావు కింద తన పాదం చూసుకున్నాడు. రేగుపండంత ఉంది. నూరు రేగుపండ్లు వరుసగా పేరిస్తే ఎంత దూరం వస్తుంది? పాక కాదు కదా, కోళ్ల గూటికే సరి.

"ఛ ఛ! నా అడుగేంటి మైలన్నా! సంఘం ఇచ్చే నేలకు సంఘం అడుగే ఉండాలి. మన మేడమ్ గారి అడుగు! పొదలపురంలో అడుగంటే ఆవిడ అడుగే, మిగతావన్నీ ఒట్టి మచ్చలు!"

గజలక్ష్మమ్మ చెవులు ఆనందంతో టపటపలాడాయి. "అంత మాటెందుకులే చెంగల్రావూ" అంది సిగ్గుపడుతూ.

"రాయించండి మేడమ్, రాయించండి! రేపు ఎవడో వచ్చి తగువు పెడితే?" ఇది కూడా చెంగల్రావే అన్నాడు. మైలన్న నోరు మెదపాల్సిన అవసరమే రాలేదు!

కూర్మయ్య పుస్తకం విప్పాడు. కలం సిరాలో ముంచాడు. "ఈ... తీర్మానంలో... అడుగు... అనగా..."

"త్వరగా రాయవయ్యా!" అంటూ చెంగల్రావు ఒంటి కాలి మీద గెంతాడు.

"...చైర్‌పర్సన్ గారి... అడుగు."

"అందరికీ సమ్మతమేనా?"

తోకలు ఊగాయి. అందరికంటే ముందు, అందరికంటే ఎత్తుగా ఊగింది చెంగల్రావు తోకే.

గజలక్ష్మమ్మ నేల మీద పాదం పక్కన పాదం పెడుతూ నూరు వరకూ కదిలింది. మళ్లీ అటు నూరు. నాలుగు మూలలా రాళ్లు పాతారు. చెంగల్రావు ఆ మూల నుంచి ఈ మూలకు పరుగెత్తి, మధ్యలో పడి దొర్లి, మట్టి ముద్దు పెట్టుకున్నాడు. పాక అన్నవాడు అప్పుడే రెండంతస్తుల మేడ గురించి మాట్లాడుతున్నాడు.

"ఇక రిబ్బను!" అంది గజలక్ష్మమ్మ.

తడికలు దించారు.

సన్నాయి ఆగిపోయింది. గజలక్ష్మమ్మ వంతెన మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలికి చోటు లేదు. అవతలి గట్టున ముత్యాలు నెమ్మదిగా కింద కూలబడింది. ఏడవలేదు. ఆ మొహం చూసి సభంతా తల దించుకుంది.

"ఇదేం వంతెన చెంగల్రావూ?" ఏనుగమ్మ గొంతు ఉరిమింది.

"పన్నెండడుగులే మేడమ్! నా అడు..." మాట సగంలో నాలుక కరుచుకున్నాడు. అప్పుడర్థమైంది నక్కకు!

మైలన్న ముందుకొచ్చాడు. "గుమాస్తా గారూ, అడుగు అనగా ఎవరి అడుగు? కాస్త గట్టిగా చదవండి."

"ఈ... తీర్మానంలో..."

"తెలుసు తెలుసు!" అని అరిచింది పైడమ్మ రెక్కలు కొట్టుకుంటూ. ఆరోజు ఆవిడ భయమంతా ఎగిరిపోయింది. "అమ్మగారి అడుగు! తనే చెప్పాడు, తనే రాయించాడు, తోక కూడా తనే ముందు ఊపాడు! అమ్మగారి అడుగుతో పన్నెండంటే రెండు బండ్లు పక్కపక్కన పోతాయి!"

ఊరంతా గొల్లుమంది. కప్పలు సన్నాయి వదిలేసి పొట్టలు పట్టుకున్నాయి.

"మేడమ్, మళ్లీ అర్థం మారుద్దాం..." అని గొణిగాడు చెంగల్రావు.

"బ్రహ్మదేవుడొచ్చినా మారదు" అన్నాడు కూర్మయ్య. ఈ ముక్క మాత్రం ఎక్కడా ఆగకుండా చెప్పాడు.

"రేపటి నుంచి పని. వానలకు పన్నెండు రోజులుంది" అంది గజలక్ష్మమ్మ.

చెంగల్రావు తెల్లవారగానే ఒక రాయి ఎత్తాడు. రెండో రాయి ఎత్తాడు. మూడో రాయి దగ్గర నడుం పట్టేసిందని పొదలో పడుకున్నాడు, పని అయ్యేదాకా లేవలేదు. మైలన్న అతని కోసం ఆగలేదు. బండి కట్టాడు. ఎలుగుబంట్లు బండలు పేర్చాయి, ఉడతలు సందుల్లో గులకరాళ్లు కూరాయి, గజలక్ష్మమ్మ స్వయంగా దూలాలు మోసింది. పైడమ్మ ఒక్క రాయీ మోయలేదు గానీ, ఆవిడ కేకలకు భయపడి ఎవరూ ఆగలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం ఆఖరి రాయి పడింది. సాయంత్రానికి వాన పడింది. ఏం వాన! ఆకాశానికి చిల్లు పడినట్టు! ఆ వానలోనే ముత్యాలుకు నొప్పులొచ్చాయి.

"ఎక్కమ్మా, ఎక్కు! జరగండి, జరగండి!" అని పైడమ్మ అరుస్తుంటే, మైలన్న బండి కొత్త వంతెన మీద గణగణమంటూ పరుగు తీసింది. కింద వాగు హోరుమంటోంది. పైన బండి కుదుపు లేకుండా మంత్రసాని గుమ్మం దాకా సాగిపోయింది. ముత్యాలుకు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ బతికారు, ఇద్దరూ గుక్కపెట్టి అరిచారు. మైలన్న బయట వానలో నిలబడి ఆ అరుపులు వింటూ సంతోషంతో ఏడ్చేశాడు.

చెంగల్రావు మర్నాడు పొదలోంచి లేచి నేల కోసం వచ్చాడు.

"కట్టినవారికి అని ఉంది నాయనా" అంది గజలక్ష్మమ్మ. "కట్టింది ఊరు. నేల ఊరిది."

నూరు ఏనుగడుగుల ఆ నేలలో ఇప్పుడు బండ్ల స్టాండు వెలిసింది. అంత విశాలమైన స్టాండు చుట్టుపక్కల ఏ అడవిలోనూ లేదు. చెంగల్రావు రోజూ అక్కడే వరుసలో నిలబడి బండెక్కుతాడు. ఎక్కేటప్పుడు పైడమ్మ "చూసి అడుగెయ్యండి చెంగల్రావు గారూ!" అంటుంది. బండిలో అందరూ నవ్వుతారు, అతను మాత్రం బయటికి చూస్తాడు.

నీతి: ఊరికి చిన్న కొలత, తనకు పెద్ద కొలత పెట్టుకున్నవాడు చివరికి తన నోటితోనే తన వాటా పోగొట్టుకుంటాడు.