అక్కాచెల్లెళ్ల చుక్కలు ఒక్కటిగా కనిపించిన కథ

ఒకప్పుడు ఆకాశంలో జంట చుక్కలు ఇప్పటిలా అతుక్కుని ఉండేవి కావు. చేతులు చాచి పట్టుకున్నంత ఎడంగా, ఎవరికైనా విడివిడిగా కనిపించేవి. వాటిలో ఒక జంట అక్కాచెల్లెళ్లు. అక్క పసుపుపచ్చన. చెల్లెలు నీలం, కాస్త చిన్నది.

కింద ఒక ఊళ్లో పానకాలరావు అనే పెద్దమనిషి డాబా మీద టెలిస్కోపు పెట్టాడు. అది సగం చూడటానికి, సగం ఊరికి చూపించుకోవడానికి. చీకటి పడగానే జనాన్ని పోగేసేవాడు. ఒక్క క్షణం చూసి గంటసేపు చెప్పేవాడు.

"ఆ ఎడం చూశారా? అక్కాచెల్లెళ్లకు పడటం లేదు. చెల్లెలి వెలుగంతా అక్క మింగేస్తోంది. అందుకే అలా చిక్కిపోయింది!"

"అయ్యో పాపం!" అన్నారు జనం, సంబరంగా.

ఆ మాట పైకి పాకింది. చెల్లెలు మొహం ముడుచుకుంది.

"అక్కా, నా వెలుగు నువ్వు తింటున్నావట!"

"ఎవరే చెప్పింది?"

"కింద గొట్టం పెట్టుకున్నాయన. అంత గొట్టం ఉన్నాయనకు తెలీదా?"

చెల్లెలు చెయ్యి విడిపించుకుని వెళ్లిపోబోయింది. అక్క గభాల్న చెల్లెల్ని గుంజి ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు పుట్టడమే చిన్నగా పుట్టావే, పిచ్చిదానా. నీ వెలుగు నీ దగ్గరే ఉంది, చూసుకో."

చెల్లెలు చూసుకుంది. నిజమే. సిగ్గుపడి ఏడ్చింది. అక్క చెల్లెలి కళ్లు తుడిచి, గాలిని పిలిచింది.

"మా ఇంటి సంగతి ఆయనకెందుకు? కాస్త అడ్డంగా నిలబడవా?"

"నిలబడటం నాకు చేతకాదు తల్లీ. కదులుతూ ఉంటానంతే," అంది గాలి.

"అదే చాలు."

మర్నాడు పానకాలరావు కన్ను ఆనించాడు. చుక్క ఒకటే! అదీ ఎసరులా కుతకుతలాడుతోంది. ఆయన ఇంకా పెద్ద గొట్టం తెప్పించాడు. ఎసరు ఇంకా పెద్దదయింది. జనం ముందు పరువు పోతుందని, "చెల్లెలు పోయింది! అక్కే మింగేసింది!" అని ప్రకటించాడు. ఇద్దరు ముగ్గురు మైల కూడా పట్టారు.

పక్కింట్లో బట్టలు కుట్టే మస్తానమ్మ మాత్రం నమ్మలేదు. తన మూరెడు టెలిస్కోపును పెరట్లో పెట్టుకుని, పీట మీద కూర్చుని, మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయింది. మెడ పట్టేసింది. దోమలు కుట్టాయి. లేవలేదు.

గాలికి ఆశ్చర్యం వేసింది. "ఏం కావాలమ్మా నీకు?"

"ఏమీ వద్దు. ఇద్దరూ బాగున్నారో లేదో చూసి పడుకుంటా."

గాలి ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. అంతే! పసుపు చుక్క, దాని పక్కనే నీలం చుక్క, మధ్యలో వెంట్రుకంత నలుపు. రెప్పపాటులో మళ్లీ కలిసిపోయాయి.

పొద్దున జనం మస్తానమ్మను చుట్టుముట్టారు. "ఏం చూశావు?"

"ఇద్దరూ కులాసా," అని ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఆ రాత్రి పానకాలరావు గొట్టానికి మొహం ఆనించి, "ఏరీ? ఎక్కడ? నాకు కనపడరేం?" అని అరిచాడు. ఆయన ఊపిరికే అద్దం మసకబారింది.

ఆ అక్కాచెల్లెళ్లను చూసి మిగతా జంటలూ దగ్గరికి జరిగాయి. అప్పటినుంచే దగ్గరి జంట చుక్కలు ఒక్క చుక్కలా కనిపిస్తాయి. ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా గాలి వాటిని కుతకుతలాడిస్తుంది. ఓపిగ్గా కూర్చున్నవాళ్లకే, గాలి ఆగిన రెప్పపాటులో, రెండుగా విడివడి కనిపిస్తాయి.